సోలార్ సంతకానికి ముందు ఏడాది కరెంటు బిల్లులు తీయండి!

నిజాంసాగర్, మొహమ్మద్‌నగర్ మండలాల కరెంటు వినియోగదారులకు విజ్ఞప్తి



ఇప్పుడు మన ఊళ్లలో ఏ అరుగు మీద కూర్చున్నా సోలార్ ముచ్చటే. అచ్చంపేట నుంచి మాగి దాకా, హసన్‌పల్లి నుంచి సుల్తాన్‌నగర్ దాకా ఏజెంట్లు గడప గడపకూ తిరుగుతున్నారు. "78 వేలు సర్కారు ఇస్తది, మిగతాది బ్యాంకు ఇస్తది, మీరు సంతకం పెడితే చాలు" అంటున్నారు. సంతకం పెట్టిన వాళ్లలో కొందరి స్లాబు మీద ప్యానెళ్లు ఎక్కాయి గానీ మీటరు మారలేదు. కొందరు ధర ఇంకా దిగుతుందని ఆగారు. ఇంకొందరు సర్కారే ఉచితంగా పెడుతుందట కదా అని కూర్చున్నారు. ఇట్లా ఎదురుచూడటానికీ ఖర్చుంది, తొందరపడి సంతకం పెట్టడానికీ ఖర్చుంది. ఆ రెండు ఖర్చులనూ కాగితం మీద పెట్టి చూసుకుందాం రమ్మని పిలవడానికే ఈ కరపత్రం.

మేము ఏ కంపెనీ మనుషులం కాదు, ఏ జెండా కిందా లేము. నెలనెలా బిల్లు కట్టే మామూలు వాళ్లం. మేము చెప్పేది ఇదీ: సోలార్ మంచిదే, కానీ ప్రతి ఇంటికీ కాదు. కొన్ని ఇళ్లు ఇప్పటికే ఆలస్యం చేశాయి, కొన్ని ఇళ్లు అస్సలు పెట్టుకోకూడదు. మీది ఏ ఇల్లో ఏజెంటు చెప్పడు. మీ బిల్లు చెబుతుంది.

201వ యూనిట్ ఖరీదు 207 రూపాయలు!

2022 ఏప్రిల్‌లో వచ్చిన ఇంటి కరెంటు రేట్లనే లెక్కకు తీసుకుందాం. నెలకు 200 యూనిట్లు కాల్చిన ఇంటికి మొదటి వంద 3 రూపాయల 40 పైసల చొప్పున, రెండో వంద 4 రూపాయల 80 పైసల చొప్పున పడతాయి. మొత్తం 820 రూపాయలు. అదే ఇల్లు ఇంకొక్క యూనిట్ ఎక్కువ కాల్చిందనుకోండి, స్లాబే మారిపోతుంది. మొదటి 200 యూనిట్లూ 5 రూపాయల 10 పైసల చొప్పున లెక్కకడతారు, పైన ఉన్న ఒక్క యూనిట్‌కు 7 రూపాయల 70 పైసలు. మొత్తం 1,027 రూపాయల 70 పైసలు. అంటే ఆ ఒక్క యూనిట్ మనకు 207 రూపాయల 70 పైసలకు పడింది. 300 దాటితే యూనిట్‌కు 9 రూపాయలు, 400 దాటితే తొమ్మిదిన్నర. ఫిక్స్‌డ్ చార్జీలు, కస్టమర్ చార్జీలు, సుంకం వేరే.

గృహజ్యోతి ఉన్న ఇంటి సంగతి ఇంకా విచిత్రం. తెల్ల రేషన్ కార్డు ఉన్న అర్హులకు 2024 మార్చి నుంచి 200 యూనిట్ల దాకా సున్నా బిల్లు. 200 దాటిన నెలలో మాత్రం దాటిన వాటికే కాదు, మొత్తం యూనిట్లకూ కట్టాలి.

ఈ లెక్క తెలిస్తే సగం ఇళ్లకు జవాబు ఇక్కడే దొరుకుతుంది. ఏడాది పొడవునా సున్నా బిల్లు వచ్చే ఇల్లు సోలార్ కోసం ఒక్క రూపాయి అప్పు చేయొద్దు. సున్నా బిల్లును సోలార్ ఎంత తగ్గిస్తుంది? ఇంత సాదా మాట ఎవరూ చెప్పకపోవడం మాకు ఆశ్చర్యంగా ఉంది. పొలం మోటారుకు 2018 జనవరి నుంచి 24 గంటల ఉచిత కరెంటు ఉంది కాబట్టి దాని పేరు చెప్పి ఇంటి మీద ప్యానెళ్లు అమ్మే వాళ్ల మాటా వినొద్దు.

గృహజ్యోతి ఉండి, ఎండాకాలం మూడు నెలలు మాత్రమే 200 దాటే ఇల్లు ఉందనుకోండి. కూలరో, దుబాయ్ నుంచి కొడుకు పంపిన పైసలతో పెట్టిన ఏసీయో నడిచే నెలలవి. నెలకు 260 యూనిట్లు అయితే 1,482 రూపాయలు, మూడు నెలలకు 4,446. ఆ నాలుగు వేల కోసం లక్ష రూపాయలు దాటే పని తలకెత్తుకుంటే అసలు తిరిగి రావడానికి పాతికేళ్లు పైన పడుతుంది. ప్యానెల్ వారంటీయే పాతికేళ్లు. మిగులు కరెంటుకు విద్యుత్ కంపెనీ కొంత చెల్లిస్తుంది, నిజమే. కానీ ఆ రేటు మనం కొనే రేటు కంటే తక్కువ. దాని మీద ఆశ పెట్టుకుని పెద్ద ప్లాంటు పెట్టొద్దు. ఆ ఇంటికి మంచి మందు 5 స్టార్ ఫ్రిజ్, బీఎల్‌డీసీ ఫ్యాన్లు, ఏసీ 26 మీద పెట్టడం.

ఇక పన్నెండు నెలలూ 300 చుట్టూ తిరిగే ఇళ్లు ఉన్నాయి. రెండంతస్తుల ఇళ్లు, ఇంటి మీటరు మీదే బోరు మోటారు నడిపే వాళ్లు, కార్డు లేని ఉద్యోగుల ఇళ్లు. ఈ కరపత్రం అసలు మీ కోసమే.

లెక్క చూడండి

2024 ఫిబ్రవరిలో వచ్చిన పీఎం సూర్యఘర్ పథకం కింద ఇంటి ప్లాంటుకు మొదటి 2 కిలోవాట్లకు కిలోవాట్‌కు 30 వేలు, మూడో కిలోవాట్‌కు 18 వేలు సబ్సిడీ ఉంది. 3 కిలోవాట్లకు 78 వేలు. 5 కిలోవాట్లు పెట్టినా, 10 పెట్టినా అంతే, ఒక్క రూపాయి పెరగదు. "పెద్దది పెట్టండి, సబ్సిడీ ఎక్కువ" అనే వాడు మీకు అబద్ధం చెబుతున్నాడు.

ఒక కిలోవాట్ మన ఎండకు రోజుకు సుమారు 4 యూనిట్లు ఇస్తుంది. వానాకాలం మబ్బుల్లో తగ్గుతుంది. నడి మే నెలలో కూడా అనుకున్నంత రాదు, ప్యానెల్ వేడెక్కితే ఉత్పత్తి పడిపోతుంది. ఏడాది సగటున 3 కిలోవాట్లకు నెలకు 300 యూనిట్ల పైన ధీమాగా అనుకోవచ్చు.

3 కిలోవాట్ల ప్లాంటు 2 లక్షలకు మాట్లాడుకున్నామనుకుందాం. సబ్సిడీ పోను మన మీద 1,22,000. నెలకు 300 యూనిట్ల ఇంటికి కరెంటు చార్జీ 1,790 రూపాయలు, ఏడాదికి 21,480. అయిదున్నర ఏళ్లు దాటాక అసలు తిరిగొస్తుంది. 350 యూనిట్ల ఇంటికి నెలకు 2,240, అది నాలుగున్నర ఏళ్లలో తేలిపోతుంది. కార్డు లేక 180 యూనిట్లు కాల్చే ఇంటికి నెలకు 724 రూపాయలే. వాళ్లు 2 కిలోవాట్లు లక్షా 40 వేలకు పెట్టించుకున్నా, 60 వేల సబ్సిడీ పోను తొమ్మిదేళ్లు పడుతుంది. వాళ్లు ఆలోచించుకోవాలి, తొందర లేదు.

ఇక మిత్తి. అసలు కొంప మునిగేది ఇక్కడే. ఈ పథకంలో 3 కిలోవాట్ల దాకా 2 లక్షల వరకు తాకట్టు లేని బ్యాంకు అప్పు ఉంది. మిత్తి రిజర్వు బ్యాంకు రెపో రేటు మీద అర శాతం. ఏటా 6 శాతం చొప్పున పదేళ్లకు తీసుకుంటే లక్షకు నెల కిస్తీ 1,110 రూపాయలు. మన 1,22,000కు 1,350 చిల్లర. తగ్గే బిల్లు 1,790, కట్టే కిస్తీ 1,350. ఇంట్లోకే మిగులుతుంది. అదే బ్యాంకు చుట్టూ తిరగలేక ఊళ్లో రెండు రూపాయల మిత్తికి తెచ్చామంటే నెలకు మిత్తే 2,440. బిల్లులో మిగిలిన దానికి ఆరేడు వందలు చేతి నుంచి కలిపి కట్టాలి, అసలు అట్లనే ఉంటుంది. ఏజెంటు చూపించే ఫైనాన్స్ కాగితంలో నెల కిస్తీ ఎంత అని మాత్రమే చూడకండి. ఎన్నేళ్లు, మొత్తం ఎంత కడతామో అడిగి ఆ అంకె రాయించుకోండి.

ఒక మాట గుర్తుంచుకోండి. సబ్సిడీ ముందుగా రాదు. ప్లాంటు పెట్టి, మీటరు మారి, తనిఖీ అయి, సూర్యఘర్ పోర్టల్‌లో పూర్తయినట్టు నమోదయ్యాకే మన ఖాతాలో పడుతుంది. అప్పటి దాకా 2 లక్షల భారమూ మనదే. "సబ్సిడీ మేమే తీసుకుంటాం, మీరు మిగతాది కట్టండి" అన్న చోట, బ్యాంకు పాసుబుక్కు, ఫోను ఓటీపీ అడిగిన చోట వెంటనే లేచి రండి.

మీటరు కోసం ఎదురుచూసే నెలలు ఎవరి ఖాతాలో?

ప్యానెళ్లు బిగించడం రెండు మూడు రోజుల పని. ఆ తర్వాత అసలు ఎదురుచూపు మొదలవుతుంది. రెండు వైపులా లెక్కించే నెట్ మీటరు పెట్టనిదే మీ ప్లాంటు పైకి పంపిన కరెంటు ఎవరి లెక్కలోనూ పడదు. పగలు ఏసీ లేనప్పుడు పుట్టిన యూనిట్లు లైన్లోకి పోతాయి, రాత్రి వాడుకున్నవి లైన్ నుంచి వస్తాయి. ఈ జమాఖర్చు రాసేది ఆ మీటరే. అది రాని ప్రతి నెలా 300 యూనిట్ల ఇంటికి 1,790 రూపాయల నష్టం, పైన కిస్తీ.

నియమం ఏమిటో తెలుసుకోండి. కేంద్రం 2024 ఫిబ్రవరి 22న విద్యుత్ వినియోగదారుల హక్కుల నియమాలను సవరించింది. 10 కిలోవాట్ల దాకా ఇంటి సోలార్ దరఖాస్తుకు సాంకేతిక పరిశీలన పేరుతో ఆపే పని లేదు, దరఖాస్తు ఆమోదం పొందినట్టే. అవసరమైతే మంజూరు లోడును కూడా పంపిణీ సంస్థే పెంచాలి. 5 కిలోవాట్ల దాకా ట్రాన్స్‌ఫార్మరు, లైను బలపరచాల్సి వస్తే ఆ ఖర్చూ సంస్థదే. ప్లాంటు పెట్టడం పూర్తయిందని చెప్పాక నడిపించి ఇవ్వడానికి గడువు అంతకుముందు 30 రోజులు, ఇప్పుడు 15 రోజులు. మన పంపిణీ సంస్థ టీజీఎన్‌పీడీసీఎల్. దాని ఫోను 1912. సూర్యఘర్ ఫోను 15555. అక్కడ తేలకపోతే నిజామాబాద్‌లో వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదిక ఉంది. తెల్ల కాగితం మీద తేదీలతో రాసి ఇస్తే చాలు, వకీలు అక్కర్లేదు.

అయితే న్యాయంగా ఒక మాట చెప్పాలి. ఆలస్యం ఎప్పుడూ కరెంటు ఆఫీసుదే కాదు. మన దగ్గర చాలా మీటర్లు ఇంకా తాత పేరు మీదో, ఇల్లు అమ్మిన వాళ్ల పేరు మీదో ఉన్నాయి. పోర్టల్‌లో యూఎస్‌సీ నంబరు (బిల్లు మీది కనెక్షన్ నంబరు) కొట్టగానే ఆ పేరు వస్తుంది, ఆధార్ పేరు కలవదు, దరఖాస్తు అక్కడే ఆగిపోతుంది. సోలార్ సంగతి తర్వాత, ముందు పేరు మార్పిడి పెట్టండి. అది ఇవాళే చేయగలిగిన పని, ఏజెంటుతో పనే లేదు.

ఇక ఇన్‌స్టాలర్ దగ్గర పైసలు ఎట్లా కట్టాలి? అంగట్లో ఎద్దును కొనేటప్పుడు పళ్లు చూడకుండా పగ్గం అందుకోం కదా, ఇక్కడ మాత్రం మొత్తం పైసలు ముందే పోసి ప్యానెల్ మీద నంబరు కూడా చూడటం లేదు! సామాను ఇంటికి వచ్చాక కొంత, బిగించాక కొంత, చివరి వాటా నెట్ మీటరు తిరిగిన రోజు. ఈ మూడు మెట్లూ ఒప్పంద కాగితంలో రాయించండి. చివరి వాటా మన చేతిలో ఉంటేనే మీటరు కోసం ఆఫీసుకు తిరగడానికి వాళ్లకు కాళ్లు వస్తాయి.

కొటేషన్ మీద అడగాల్సినవి

ప్యానెళ్లు డీసీఆర్ రకమా? అంటే లోపలి సెల్లు కూడా మన దేశంలో తయారైనదా? కాకపోతే సబ్సిడీ రాదు. చవకగా చెప్పే చాలా కొటేషన్ల గుట్టు ఇదే. సీరియల్ నంబర్లు బిల్లు మీద రాయించండి. 2025 సెప్టెంబరు 22 నుంచి సోలార్ సామాను మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి దిగింది. అంతకు ముందు వేసిన కొటేషన్ పట్టుకుని ఎవరైనా వస్తే కొత్తది వేయమనండి. మంజూరు లోడు పెంచే చార్జీ, నెట్ మీటరు ఖర్చు, మూడు ఎర్తింగులు (డీసీకి, ఏసీకి, పిడుగు కడ్డీకి) ధరలో కలిసున్నాయా, వేరేనా? ఇన్వర్టరు వారంటీ ఎన్నేళ్లు, చెడిపోతే మనిషి ఎక్కణ్నుంచి వస్తాడు? హైదరాబాద్ నుంచి అయితే ఆలోచించండి. పథకం ప్రకారం పెట్టిన వాళ్లే అయిదేళ్లు నిర్వహణ చూడాలి. ఆ ముక్క రాతలో ఉండాలి.

స్ట్రక్చర్ సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే గొడవలు ఎక్కువ దీని మీదే. 3 కిలోవాట్లకు సుమారు 300 చదరపు అడుగుల చోటు కావాలి. మన స్లాబు ఖాళీ స్థలం కాదు. మిరపకాయలు, వడియాలు అక్కడే ఎండాలి, ఎండాకాలం రాత్రుళ్లు మంచాలు అక్కడే పడాలి. కొటేషన్‌లో ఉండేది మోకాలెత్తు స్ట్రక్చర్. మనిషి కింద నుంచి నడిచేంత ఎత్తు కావాలంటే ఇనుము పెరుగుతుంది, ధర పెరుగుతుంది. బిగించాక అడిగితే ఇంకా పెరుగుతుంది. ముందే ఎత్తు అడుగుల్లో రాయించండి. దక్షిణం వైపు నీళ్ల ట్యాంకు గానీ వేపచెట్టు గానీ ఉంటే నీడ ఏ గంటకు ఎక్కడ పడుతుందో వాళ్లను పగలు నిలబడి చూడమనండి. 2025 ఆగస్టు ఆఖరున కామారెడ్డి జిల్లా మీద పడ్డ వాన మీరంతా చూశారు. స్లాబుకు బోల్టు రంధ్రాలు వేస్తారు కాబట్టి వాటి దగ్గర నీరు దిగకుండా ఏం చేస్తారో అడగండి. వరి కోతల దుమ్ము, చెరకు ఆకు కాల్చిన మసి ప్యానెళ్ల మీద పడితే యూనిట్లు తగ్గుతాయి. తెల్లవారుజామున నీళ్లతో కడగాలి, ఎండలో కాగిన అద్దం మీద పోయొద్దు. కోతుల సంగతి మీకు చెప్పేదేముంది, వైర్లు పైపులోనే పోవాలి.

ఇంకో భ్రమ. "కరెంటు పోయినా సోలార్ ఉంటది" అని చాలామంది అనుకుంటున్నారు. ఉండదు. బ్యాటరీ లేని ఈ ప్లాంటు లైన్లో కరెంటు పోగానే తానూ ఆగిపోతుంది. స్తంభం మీద పని చేసే లైన్‌మెన్ ప్రాణం కోసం పెట్టిన ఏర్పాటు అది. కోతల కోసమే అయితే మీకు కావాల్సింది ఇన్వర్టరు, బ్యాటరీ. ఆ లెక్క వేరు.

ఉచితంగా వస్తుందా?

నాగర్‌కర్నూల్ జిల్లా కొండారెడ్డిపల్లిలో ఊరు మొత్తానికి సోలార్ పెట్టారు, 480 ఇళ్లకు 3 కిలోవాట్ల చొప్పున. నిజమే. అది ముఖ్యమంత్రి సొంత ఊరు. కేంద్ర సబ్సిడీకి కంపెనీ సామాజిక బాధ్యత (సీఎస్ఆర్) నిధి, ప్రభుత్వ ఖర్చు కలిశాయి కాబట్టే అయింది. గుజరాత్‌లో మొఢేరా కూడా 2022 అక్టోబరులో అట్లాగే సోలార్ గ్రామమని ప్రకటించారు. అది ప్రధానమంత్రి సొంత జిల్లాలోని ఊరు. మనకు అట్లా వస్తే కాదనేది లేదు, కానీ దాని కోసం నెలకు 1,790 చొప్పున కడుతూ కూర్చోవడం తెలివి కాదు. సూర్యఘర్ పథకం గడువు 2026-27 ఆర్థిక సంవత్సరం. ఆ తర్వాత 78 వేలు ఉంటాయో లేదో ఎవరూ హామీ ఇవ్వలేదు.

జిల్లాకో మోడల్ సోలార్ గ్రామానికి కోటి రూపాయలు ఇచ్చే వాటా ఇదే పథకంలో ఉంది. 5 వేల జనాభా దాటిన ఊళ్లు పోటీపడాలి, ఎక్కువ సోలార్ పెట్టుకున్న ఊరికే ఆ డబ్బు. మన మండలాల్లో చాలా ఊళ్లు ఆ జనాభాకు అందవు. అందుకే మనం పంచాయతీలను అడగాల్సింది వేరే. 2025 డిసెంబరు ఎన్నికల్లో గెలిచిన సర్పంచులారా, పంచాయతీ ఆఫీసు, బడి, తాగునీటి మోటార్ల బిల్లు ఏడాదికి ఎంతో గ్రామసభలో చదివి వినిపించండి. ఆ స్లాబుల మీద ముందు పెట్టించండి. ఊరి బడి మీద ఏడాది నడిచిన ప్లాంటు, దాని మీటరు అంకెలు గోడ మీద రాసి ఉంటే ఏ ఏజెంటు మాటా అక్కర్లేదు.

మన నిజాంసాగర్ ప్రాజెక్టు 1923లో మొదలై 1931లో పూర్తయింది. నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్ ఇంజనీరుగా మంజీరకు కట్టిన కట్ట. దాని కింద ఉన్న జలవిద్యుత్ కేంద్రం 10 మెగావాట్లది, నీళ్లు వదిలితేనే తిరుగుతుంది. 3 కిలోవాట్ల ఇళ్లు మూడు వేల మూడు వందల చిల్లర అయితే స్థాపిత సామర్థ్యంలో దానికి సమానం. అన్ని ఇళ్లు ఇప్పుడే కావాలని మేము అనడం లేదు. 300 యూనిట్లు దాటే ఇళ్లు ముందుకు వస్తే చాలు, అవీ ఒక్కొక్కటిగా కాదు, ఒక్కటిగా రావాలి. ఇరవై ఇళ్లు కలిసి కొటేషన్ అడిగితే ధర దిగుతుంది, స్ట్రక్చర్ ఎత్తు మనం చెప్పినట్టు వస్తుంది, ఇరవై ఇళ్ల పని పూర్తయిందని ఒకే రోజు కరెంటు సెక్షన్ ఆఫీసులో రాసి ఇస్తే 15 రోజుల గడువు అందరికీ ఒకే తేదీ నుంచి నడుస్తుంది.

రండి!

వచ్చే ఆదివారం పొద్దున 10 గంటలకు నిజాంసాగర్ గ్రామ పంచాయతీ ఆఫీసు ముందు కూర్చుందాం. అచ్చంపేట, బంజేపల్లి, హసన్‌పల్లి, గోర్గుల్, మాగి, గాలిపూర్, మల్లూర్, వెల్గనూర్, ఏ ఊరి వాళ్లయినా రావచ్చు. ఇంటి బిల్లు చూసేది ఆడవాళ్లే కాబట్టి అక్కలు, చెల్లెళ్లు తప్పకుండా రావాలి. గత పన్నెండు నెలల బిల్లులు తెండి. పోయి ఉంటే యూఎస్‌సీ నంబరు తెండి, ఫోనులోనే పాత బిల్లులు తీసి చూద్దాం. ఇప్పటికే సంతకం పెట్టిన వాళ్లు ఒప్పంద కాగితం, పైసలు కట్టిన రసీదులు తెండి. ప్యానెళ్లు ఎక్కి మీటరు రాని వాళ్లు పని పూర్తయిన తేదీ రాసుకుని రండి. అందరివీ కలిపి ఒకే దరఖాస్తుగా అక్కడే రాసి, సోమవారం సెక్షన్ ఆఫీసులో ఇచ్చి రసీదు తీసుకుందాం. ఆ రోజు సంతకాలు, అడ్వాన్సులు ఏమీ ఉండవు. ఏజెంట్లు దయచేసి రావొద్దు, మీ కొటేషన్లు తర్వాత మేమే అడుగుతాం.

ఇట్లు,
నిజాంసాగర్, మొహమ్మద్‌నగర్ మండలాల కరెంటు వినియోగదారులం కొందరం